కంటికి నచ్చిన బూజు

"లోకంలో కోడళ్లంతా ఇంట్లో బూజు దులుపుతారు. మా కోడలు ఉద్యోగానికి వెళ్లి మరీ బూజు పెంచి వస్తుంది."

ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లెవరైనా సరే, కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే అత్తగారి నోట ఈ మాట వినవలసిందే. పెళ్లయిన కొత్తలో కోడలు నొచ్చుకునేది. కొన్నాళ్లకు నవ్వడం నేర్చుకుంది. ఇప్పుడు, తల నెరిసి పదవీ విరమణ దగ్గరపడ్డాక, ఆ వాక్యం పూర్తయ్యేదాకా ఓపికపట్టి, "మంచి రకం బూజే అత్తయ్యా" అని తన వంతు అందిస్తోంది.

అత్తగారి మాటలో వెక్కిరింత ఉంటే ఉండవచ్చు గాని అబద్ధం లేదు. కోడలు జీవరసాయన శాస్త్రవేత్త. ఒక పరిశోధన సంస్థలో ఎంజైముల విభాగానికి అధిపతి. జీవకణం తన పనులను వేగంగా నడిపించుకోవడానికి తయారుచేసుకునే పనిముట్టు ఎంజైము. పని చేస్తుంది, పనిలో తాను ఖర్చయిపోదు. ఈ పనిముట్టును కణం దగ్గర అరువు తెచ్చుకుని మనుషుల పనికి పెట్టడమే ఆమె జీవితకాలపు వృత్తి.

మొదట్లో ఆమె బూజు జోలికి పోలేదు. డాక్టరేటు కోసం మొలకెత్తిన గింజల నుంచి ఒక ఎంజైమును శుద్ధి చేసింది. ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుని శీతల గదిలో కూర్చుని, గాజు గొట్టాల్లోంచి బొట్టు బొట్టుగా దిగే ద్రవాన్ని పట్టుకుంటూ ఏళ్లు గడిపింది. బస్తాడు గింజలు మొలకెత్తిస్తే చివరికి చిటికెడు తెల్లటి పొడి మిగిలింది. పరీక్షలన్నీ అయ్యాక ఆమె గురువు ఆ పొడి ఉన్న సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "శుద్ధి చేయడం వచ్చిందమ్మా. ఇక ఎవరికైనా పనికొచ్చేది చెయ్యి" అన్నాడు. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. గింజలు చిటికెడు ఇచ్చేదాన్ని సూక్ష్మజీవులు బుట్టలకొద్దీ ఇస్తాయని తెలుసుకుని, ఆమె అటు మళ్లింది.

పళ్లరసం తీసే ఫ్యాక్టరీల బాధ అప్పట్లో ఒకటుండేది. పిండిన రసం మబ్బుగా, జిగటగా ఉండి వడపోతకు లొంగేది కాదు. పండు గుజ్జును పట్టి ఉంచే జిగురును పెక్టిన్ అంటారు. దాన్ని ముక్కలు చేసే ఎంజైము వేస్తే రసం నీళ్లలా తేటపడుతుంది. పండ్లు కుళ్లించే బూజు దగ్గర ఆ ఎంజైము ఉండి తీరాలని ఆమె లెక్క. ఒక మధ్యాహ్నం రసం ఫ్యాక్టరీ వెనక తొక్కలు పారబోసే గుంట దగ్గరికి వెళ్లింది. నమూనాలు తేవడానికి తీసుకెళ్లిన సీసాలు చాలకపోవడంతో, మిగిలినవాటిని తన టిఫిను డబ్బా పైగిన్నెలో పెట్టుకుని ఇంటి మీదుగా ల్యాబుకు బయల్దేరింది. ఇంట్లో ఆగిన కాసేపట్లోనే అత్తగారు కడుగుదామని గిన్నె తెరిచింది. ఆ తర్వాత ఆ డబ్బా మళ్లీ ఆ ఇంట్లో కనిపించలేదు. కుళ్లిన తొక్కలను మాత్రం కోడలు పెరట్లోంచి తిరిగి ఏరుకుని తీసుకెళ్లింది.

ఆ తొక్కల మీద పెరిగిన నల్లటి బూజే ఆమెకు పేరు తెచ్చింది. దానికి రికార్డుల్లో ఏదో అంకె ఉంది. ల్యాబులో అందరూ దాన్ని నల్లయ్య అని పిలిచేవాళ్లు. "ఇవాళ నల్లయ్య ఎలా ఉన్నాడు?" అని పలకరించుకునేవాళ్లు. తడిపి ఉడికించిన గోధుమ పొట్టును ట్రేలలో పరిచి, బూజు మీద లేచే నల్లటి పొడిని, అంటే నల్లయ్య విత్తనాలను, దాని మీద చల్లితే, నాలుగైదు రోజుల్లో పొట్టంతా అల్లుకుపోయేది. దాన్ని నీళ్లలో నానబెట్టి పిండితే ఎంజైము దిగేది. ఆ పద్ధతిని ఒక ఫ్యాక్టరీ తీసుకుని, గదుల నిండా ట్రేలు పేర్చి, ఏళ్ల తరబడి నడుపుతోంది. అక్కడి ఉత్పత్తి విభాగం ఇన్‌చార్జి ఆమె దగ్గరే డాక్టరేటు చేసిన శిష్యురాలు.

ఆ శిష్యురాలికి ల్యాబులో పెట్టిన పేరు ధర్మసందేహం. చెప్పిన పని చేసేది గాని, చేసేముందు ఒక ప్రశ్న, చేశాక రెండు ప్రశ్నలు వేయకుండా ఊరుకునేది కాదు. ఆ శిష్యురాలి గురువైన మన శాస్త్రవేత్తకు కూడా ఒక పేరుంది, కంట్రోల్ మేడమ్. ఎవరు ఏ ఫలితం తెచ్చి చూపించినా, అంకె చూడకముందే, "కంట్రోల్ ఏదమ్మా?" అనేది. ఎక్కువ వచ్చిందంటున్నావు, దేనికన్నా ఎక్కువ? దేనితో పోల్చావు? పోలిక లేని అంకెను ఆమె కాగితం మీద కూడా ఉండనిచ్చేది కాదు, గీత కొట్టేసేది. ఈ పట్టుదల వల్ల ఆమెకు శత్రువులు కొందరు, గౌరవించేవాళ్లు చాలామంది ఏర్పడ్డారు.

ఫ్యాక్టరీకి కావలసిన విత్తనాన్ని ప్రతి సీజనుకూ ల్యాబే పంపేది. ఆ పనికి ఒక పద్ధతి ఉంది. నల్లయ్య విత్తనాలను నీళ్లలో పల్చగా కలిపి గాజు పళ్లేల్లో చల్లుతారు. ఒక్కో విత్తనం నుంచి ఒక్కో గుండ్రటి మచ్చ లేస్తుంది. దాన్ని కాలనీ అంటారు. వాటిలో ఒకదాన్ని ఎంచి, సూదితో గిల్లి, గొట్టాల్లో కల్చర్‌గా, అంటే మూలవిత్తనంగా, పెంచి ఫ్యాక్టరీకి పంపుతారు. ఆ ఎంచే పని మేడమ్‌దే. ఆమె కిటికీ దగ్గర నిలబడి పళ్లేలను ఒక్కొక్కటిగా తిప్పి చూస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. బొగ్గులా నల్లగా, అంచు చెదరకుండా, విత్తనాలు ఒత్తుగా కాసిన కాలనీని చూపుడువేలితో చూపించి, "ఇదీ" అనేది. విత్తనం ఎక్కువ కాస్తే ట్రేలలో చల్లడానికి సుళువు. కనుక ఆ ఎంపికకు కారణం లేకపోలేదు. పాలిపోయి, అంచులు చిరిగినట్టున్న కాలనీలు ప్రతి పళ్లెంలోనూ ఒకటో రెండో వచ్చేవి. వాటిని రోగిష్టివి అనేవాళ్లు. పళ్లేలతో పాటు అవీ ఆవిరి పాత్రలో ఉడికి చెత్తలో కలిసేవి.

అసలు కథ ఒక ఫోనుతో మొదలవుతుంది.

ఫోను చేసినవాడు ఫ్యాక్టరీ ఎండీ. దిగుబడి పడిపోతోందన్నాడు. నిరుడు తగ్గింది, ఈ ఏడు ఇంకా తగ్గింది, పళ్లరసంవాళ్లు డబ్బాలు వెనక్కి పంపుతున్నారన్నాడు.

"మీరిచ్చిన కల్చర్‌లో ఏమైనా తేడా ఉందా మేడమ్? సూటిగా చెప్పండి."

"దానికి అవకాశమే లేదండీ. ప్రతి సీజనూ పంపేముందు పరీక్షిస్తాం. మీ గదుల్లో చూసుకోండి."

"అంటే మావాళ్ల నిర్లక్ష్యమేనంటారు."

"కల్చర్ కాదంటున్నాను" అందామె.

ఆ రెండు వాక్యాలకూ తేడా ఉందని ఆమెకు తెలుసు. ఎండీకి మాత్రం తేడా కనిపించలేదు. ఆ మర్నాడే ఇన్‌చార్జికి నోటీసు ఇచ్చాడు: దిగుబడి ఎందుకు పడిందో నెలలోగా సంజాయిషీ చెప్పుకోవాలి, చెప్పుకోలేకపోతే నిర్లక్ష్యం కింద ఉద్యోగం నుంచి తొలగిస్తాం అని. ఇలాంటి పని చేసే ఫ్యాక్టరీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. వాటిని నడిపేవాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఒకచోట నిర్లక్ష్యం అని ముద్రపడినవాళ్లను మరోచోట గడప తొక్కనివ్వరు. పరిశోధన సంస్థ నిపుణురాలి చేత తనిఖీ చేయించి, ఆమె ఏం రాస్తే అదే తుది మాటగా తీసుకుంటామని కూడా నోటీసులో ఉంది. ఆ నిపుణురాలు మేడమే.

ఆమె వెళ్లింది. శిష్యురాలు రబ్బరు బూట్లూ, జుట్టు కనపడకుండా టోపీ వేసుకుని గేటు దగ్గరికి ఎదురొచ్చింది. కుశలప్రశ్నలు క్లుప్తంగా ముగిశాయి. ట్రేల గదుల్లో గాలి వెచ్చగా, తడిగా ఉంది. గోడలు చెమర్చి ఉన్నాయి. నానిన పొట్టు వాసన మీద పాత చెక్కపెట్టె తెరిచినప్పటి వాసన తేలుతోంది. చక్రాల బండ్ల మీద ట్రేలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. ఎండీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. నల్లపొడి చొక్కాకు అంటుకుంటే పోదని ఆయనకు అనుభవం.

చివరి గదిలో, గాలికి తడిని అందించే యంత్రం దగ్గర ఆమె ఆగింది. దాని మోటారు కొత్తది.

"ఇది ఎప్పుడు మార్చారు?"

"పోయిన నెల మేడమ్. పాతది కాలిపోయింది. రెండు రోజులు ఈ గదికి తడి అందలేదు."

గుమ్మం దగ్గర్నుంచి ఎండీ అందుకున్నాడు. "విన్నారా? నేనేం చెప్పాను! రెండు రోజులు యంత్రం ఆగిపోతే పట్టించుకునే దిక్కు లేదు ఇక్కడ."

"పట్టించుకున్నాను కాబట్టే ఆ ట్రేలన్నీ పారేయించాను సార్" అంది ఇన్‌చార్జి. "వాటి ఎంజైము తీయనేలేదు. దిగుబడి లెక్కలో అవి లేవు."

"పారేసింది నష్టం కాదా మరి?"

"నష్టమే సార్. మీరడిగింది దిగుబడి గురించి."

"చూశారా మేడమ్, ఒకటంటే రెండంటుంది! మీ దగ్గర కూడా ఇంతేనా?"

"నా దగ్గర ఒకటంటే మూడనేది" అందామె. ఎండీ నవ్వాడు. ఇన్‌చార్జి నవ్వలేదు.

కాలిపోయిన మోటారు చేతికి దొరికిన కారణం. ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే పని ముగిసిపోతుంది, తన కల్చర్ పేరు నిలుస్తుంది. తిరుగు ప్రయాణంలో ఆ వాక్యం ఆమె మనసులో దానంతటదే తయారైంది కూడా. కాని, యంత్రం ఆగింది ఒక్క గదిలో. దిగుబడి పడింది అన్ని గదుల్లో. ఒక గదిలోని కారణం పక్క గదుల్లోని ఫలితాన్ని వివరించలేదు. అదీగాక మోటారు కాలింది పోయిన నెల. దిగుబడి తగ్గడం అంతకు చాలా ముందే మొదలైంది. తన విద్యార్థి ఎవరైనా ఆ వాక్యం రాసుకొస్తే తాను గీత కొట్టేసేదే. అందుచేత రాయలేదు. ఫ్యాక్టరీ పొట్టు రెండు సంచులు, ఫ్యాక్టరీ దగ్గరున్న గొట్టాలు కొన్ని వెంట తెచ్చుకుని ల్యాబులో తానే పనికి కూర్చుంది.

ఫ్యాక్టరీ పొట్టు మీద ల్యాబు విత్తనం, ల్యాబు పొట్టు మీద ఫ్యాక్టరీ విత్తనం, ఇటుదటు, అటుదిటు అన్ని రకాలుగా పెట్టి చూసింది. ఫ్యాక్టరీ పొట్టులో లోపం లేదు. దారిలో విత్తనం పాడైనట్టూ లేదు. ఎక్కడ పెంచినా ఎంజైము ఒకేలా వచ్చింది, ఒకేలా తక్కువ వచ్చింది. తన ల్యాబులో, తన చేతుల మీదుగా, ఆగిపోవడానికి తడి యంత్రమే లేని చోట కూడా తక్కువే.

తక్కువ, సరే. దేనికన్నా తక్కువ?

ఆమె పాత పరీక్షల రికార్డులు తీసింది. ప్రతి సీజనూ విత్తనం పంపేముందు పరీక్షించిన మాట నిజమే. కొత్తదాన్ని నిరుటిదానితో పోల్చేవాళ్లు. నిరుటిదానికన్నా ఏ కొంచెమో తక్కువ వచ్చేది. అది కొలతలో సహజంగా వచ్చే పొరపాటు హద్దుల్లోనే ఉండేది కాబట్టి సరిపోయిందని పంపేవాళ్లు. మరుసటి ఏడు దాన్నే కొలబద్దగా పెట్టుకుని, దానికన్నా ఇంకొంచెం తగ్గినదాన్ని సరిపోయిందనేవాళ్లు. జారుతున్న మెట్టు మీద నిలబడి పక్క మెట్టు జారలేదని రాసుకున్నారన్నమాట. మొదటినాటి నల్లయ్యను ఎవరూ విడిగా భద్రపరచలేదు. ఏటా కొత్తగా పెంచుతూనే ఉన్నాం కదా, పాతదెందుకు అనుకున్నారు. తొలి పరిశోధన వ్యాసంలోని అంకెలతో పోల్చవచ్చు గాని, అప్పటి పెక్టిన్ వేరు, కొలిచే పద్ధతి వేరు. ఆ పోలిక న్యాయమైన పోలిక కాదని ఆమే పక్కన పెట్టింది.

దిగుబడి పడిపోయిందనడానికి ఆధారం ఉంది. ఎందుకు పడిపోయిందో తెలియదు. కొత్తగా పళ్లేల్లో విత్తనం చల్లింది. కాలనీలు లేచాక కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, సూది పట్టుకుని చూసింది. చెయ్యి దానంతటదే నల్లటి, ఒత్తైన కాలనీ మీదికి పోయింది. సూది మొన దాన్ని తాకబోతుండగా, తనను తాను అడిగింది: ఇదే ఎందుకు?

బాగుంది కాబట్టి. విత్తనం ఒత్తుగా కాస్తుంది కాబట్టి. పళ్లెంలోని మిగతా కాలనీలతో పోల్చి ఎంజైము కొలిచింది మాత్రం ఎన్నడూ లేదు.

ఆమె సూది కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. బూజుకు ఉండే శక్తి పరిమితం. విత్తనాలు కాయడానికి ఎక్కువ పెడితే ఎంజైముకు మిగిలేది తక్కువ కావచ్చు. కావచ్చు అనేది ఊహ. దాన్ని పరీక్షకు పెట్టవచ్చు. ఆ పళ్లేల్లోని కాలనీలన్నిటినీ, నల్లవాటినీ, మధ్యరకం వాటినీ, రోగిష్టివాటినీ వేటికవి గిల్లి, విడివిడిగా పొట్టు మీద పెంచింది. తన కన్ను ఫలితాన్ని తనకు అనుకూలంగానో ప్రతికూలంగానో మలచకుండా ఉండేందుకు, సీసాల మీది గుర్తులను పక్క విభాగం వాళ్ల చేత మార్పించింది. ఎంజైము తీసి, మబ్బుగా ఉన్న పళ్లరసం పోసిన గొట్టాల్లో సమానంగా కలిపి, వరసగా నిలబెట్టింది.

భోజనానికి వెళ్లి వచ్చేసరికి కొన్ని గొట్టాల వెనకనున్న గోడగడియారం అంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కొన్నిటి వెనక ఏమీ కనిపించడం లేదు. గుర్తులు విప్పి చూస్తే, తేటపడ్డవి దాదాపు అన్నీ రోగిష్టి కాలనీలవి. నల్లనివి మబ్బుగానే ఉన్నాయి. ఆమె పరీక్ష మొత్తం మళ్లీ చేసింది. మళ్లీ అలాగే వచ్చింది. పాలిపోయిన కాలనీలు నల్లవాటికి రెట్టింపు ఎంజైము ఇస్తున్నాయి. ఇన్నేళ్లుగా తాను ఏటా చేసిన ఎంపిక ఏమిటంటే, ఎంజైము తక్కువ ఇచ్చేదాన్ని ఏరి, ఎక్కువ ఇచ్చేదాన్ని ఉడకబెట్టి పారేయడం.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఆమె ఎక్కువ మాట్లాడకపోవడం చూసి భర్త కారణం అడిగాడు. ఆయనకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఉన్న విషయం నిదానంగా వినే అలవాటుంది. ఆమె చెప్పింది. అత్తగారికి వినికిడి తగ్గిందని అందరూ అనుకుంటారు గాని, ఇలాంటి సందర్భాల్లో ఆవిడకు అంతా వినిపిస్తుంది.

"అంటే, అందంగా ఉన్నదాన్ని ఏరుకున్నావన్నమాట" అంది అత్తగారు.

"అవును అత్తయ్యా."

"మావాడికి సంబంధాలు చూసేటప్పుడు నేనూ అదే చేద్దామనుకున్నాను. మీ మావయ్య సాగనిచ్చారు కాదు. పనిమంతురాలు కావాలని పట్టుబట్టారు. అందుకే నువ్వొచ్చావు."

"అమ్మా!" అన్నాడు భర్త.

"ఏంట్రా? మెచ్చుకుంటున్నాను." ఆవిడ పెరుగు గిన్నె కోడలి వైపు జరిపింది. "ఆ పిల్ల మన ఇంటికి వచ్చేది కదూ, ప్రశ్నలు వేసే పిల్ల? దాని ఉద్యోగం ఏమైంది మరి?"

"నేను రాసేదాన్ని బట్టి ఉంటుంది."

"రాసెయ్ మరి. తింటూ ఆలోచించేదేముంది?"

సంస్థ డైరెక్టరు మాత్రం ఆలోచించమన్నాడు. నల్లయ్య పద్ధతిని మరో రెండు ఫ్యాక్టరీలకు ఇచ్చే ఒప్పందం సంతకాల దాకా వచ్చి ఉంది. ఆమె నివేదిక చిత్తుప్రతి చదివి, ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో ప్రతి మాటా నిజమే, కాదనను. కాని కారణాలు ఇరువైపులా ఉన్నాయని రాస్తే పోయేదేముంది మేడమ్? వాళ్ల మోటారు కాలిపోయిందిగా?"

"కాలింది. ఆ ట్రేలు లెక్కలో లేవు."

"ఒక్క వాక్యం. దాంతో మనకు కాస్త వెసులుబాటు. కల్చర్‌ను ఈలోగా చల్లగా సరిచేసుకుందాం."

"ఆ ఒక్క వాక్యం మీద వాళ్లు ఒక మనిషిని తీసేస్తారు సార్."

"మీరు మరీ ముక్కుసూటిగా పోతారు. ఇంత పేరు తెచ్చుకున్నారు, పదవీ విరమణకు ముందు ఇదంతా అవసరమా?"

"ఇరువైపులా ఆధారాలుంటే ఇరువైపులా రాసేదాన్ని" అని ఆమె కాగితాలు తీసుకుని లేచింది. డైరెక్టరు అడ్డుపడలేదు. ఆయన చెడ్డవాడు కాదు, సంస్థను నడపవలసినవాడు. తన గదిలోంచి ఆ నివేదిక అలాగే బయటికి వెళ్లనిచ్చాడు. ఒప్పందాన్ని వాయిదా వేయించే పనికి మాత్రం అప్పటికప్పుడు ఫోనందుకున్నాడు.

ఫ్యాక్టరీలో సమావేశం ఎండీ గదిలో జరిగింది. ఇన్‌చార్జి తలుపు పక్కనున్న కుర్చీలో, సంజాయిషీ చెప్పుకునేవాళ్లు కూర్చునే తీరులో కూర్చుంది. మేడమ్ నివేదిక చదవలేదు. తెచ్చిన గొట్టాలను బల్ల మీద నిలబెట్టి, తేటవి ఏవో, మబ్బువి ఏవో, ఎందుకలా ఉన్నాయో చెప్పింది. ఎండీ ఒక గొట్టాన్ని తీసుకుని దాంట్లోంచి కిటికీ చూశాడు. రెండోదాంట్లోంచి చూశాడు, కిటికీ కనపడలేదు.

"అంటే, బూజు చూడ్డానికి బాగుందని దాన్నే ఎంచుకుంటూ వచ్చారా?"

"అవును."

"ఇన్నేళ్లూ?"

"అవును."

"మీరా!"

ఆమె నివేదికను ఆయన వైపు జరిపింది.

"మరి నేను ఈవిడకి నోటీసిచ్చింది మీ మాట మీదే కదండీ. కల్చర్‌లో తేడాకు అవకాశమే లేదన్నారు. నా చెవులారా విన్నాను."

"అన్నాను. పరీక్షించకుండా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని నివేదిక మొదటి పేరాలోనే రాశాను. మీ ట్రేల గదుల్లో నిర్లక్ష్యానికి ఆధారం లేదు. నోటీసు కూడా వెనక్కి తీసుకోవాలి."

"ఇదే పని మావాళ్లెవరైనా చేసుంటే ఈపాటికి ఇంటికి పంపేవాణ్ని, తెలుసా?"

"నా ఉద్యోగం మీ చేతిలో లేదు. ఆవిడది ఉంది. ముందు అది తేలుద్దాం, తర్వాత నన్ను ఎంతసేపైనా అనండి."

ఎండీ కాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. కోపిష్టే గాని మొండివాడు కాదు. ఎదురుగా బల్ల మీదున్న గొట్టాలతో వాదించడం కుదరదని గ్రహించాడు. నోటీసు రద్దుచేస్తూ కాగితం రాయమని బయటి గదిలోకి కేకేశాడు. ఆ తర్వాత ఉత్సాహంగా, "అయితే ఇంకేం! ఈ పాలిపోయినదాన్నే పెంచుదాం. రెట్టింపు వస్తుందిగా?" అన్నాడు.

"రాదు సార్" అంది తలుపు దగ్గర్నుంచి ఇన్‌చార్జి. అందరూ అటు తిరిగారు. "పాలిపోయినదానికి విత్తనం కాయదు. ట్రేలలో చల్లడానికి విత్తనమే లేకపోతే దేన్ని పెంచుతాం? దాని తీగలనే, పొట్టులో అల్లుకునే ఆ పోగులనే, ముందు నీళ్లలో పెంచి, ఆ నీళ్లు చల్లాలేమో. దానికి వేరే ట్యాంకు కావాలి. అయినా రెట్టింపు రావడం ల్యాబు సీసాల్లో. ట్రేలలో ఎంతొస్తుందో ఇంకా ఎవరికీ తెలీదు. అవునా మేడమ్?"

"అవును" అందామె.

ఎండీ నుదురు కొట్టుకున్నాడు. "ఇప్పుడేగా తల్లీ గట్టెక్కావు! కనీసం కాగితం మీద ముద్ర పడేదాకానైనా ఆగలేకపోయావా?"

ఈసారి ఇన్‌చార్జి కొంచెం నవ్వింది.

సమావేశం ముగిశాక గురువూ శిష్యురాలూ నడవాలోకి వచ్చారు. ట్రేలు కడిగే గదిలోంచి నీళ్ల చప్పుడు వస్తోంది. కొంతదూరం నడిచాక శిష్యురాలు ఆగింది.

"ఒక్కటి అడగొచ్చా మేడమ్?"

"అడుగు."

"సార్ మీకు ఫోన్ చేసిన రోజు నాకు కూడా ఒకసారి ఫోన్ చేద్దామని మీకు అనిపించలేదా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "లేదు. కల్చర్ మీద నాకు అనుమానం రాలేదు. నీ మీద వచ్చింది."

"మీ దగ్గర ఆరేళ్లున్నాను."

"ఉన్నావు. నీ పని ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసి కూడా అన్నాను. తప్పే."

శిష్యురాలు తలూపింది. ఫరవాలేదు మేడమ్ అని అనలేదు. అనవలసిన అవసరం ఉందని మేడమ్‌కూ అనిపించలేదు. ఆ నెల రోజులూ ఆ అమ్మాయి ఇంట్లో ఎలా గడిచాయో అడగాలనిపించి, అడిగే హక్కు తనకు లేదని ఊరుకుంది.

"ఇకమీదట విత్తనం మీ దగ్గర తీసుకోం మేడమ్. మేమే పళ్లేలు పెట్టుకుని మేమే ఏరుకుంటాం."

"అదే మంచిది. ల్యాబులో ఉన్న పళ్లేలన్నీ పంపిస్తాను."

"ఏరేటప్పుడు బాగా పాలిపోయినవాటినే తీయమంటారా?"

"వద్దు" అందామె వెంటనే. "అప్పుడు రోగిష్టివాటిని ముచ్చటపడి ఏరడం మొదలెడతావు. ఇంకో ఇరవై ఏళ్లకు అది ఇంకో తప్పవుతుంది. దొరికినవన్నీ తియ్యి. కొలిచాక ఎంచు."

"అన్నీ అంటే పని నాలుగింతలవుతుంది మేడమ్. మనుషుల్ని ఇవ్వమంటే సార్ మళ్లీ నుదురు కొట్టుకుంటారు."

"కొట్టుకోనీ."

కారు వచ్చేదాకా వాళ్లిద్దరూ గేటు దగ్గర నిలబడి, తీగలు పెంచడానికి ట్యాంకు ఎంతది కావాలి, గాలి ఎంత పంపాలి, రోజుకు ఎన్ని కాలనీలు కొలవగలరు అన్నవి మాట్లాడుకున్నారు. కొన్నిటికి జవాబులు మేడమ్ దగ్గర లేవు. లేవనే చెప్పింది. శిష్యురాలు వాటిని తానే తేల్చుకుంటానంది.